ఆ సున్నా పోయింది
మూడు రోజుల టెన్షన్ ఇవాళ తీరింది. సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఆర్డర్ క్లాస్‌ని (ఆర్డర్ వివరాలు ఉండే కోడ్) ఎక్స్‌ఎంఎల్‌గా, అంటే ట్యాగ్‌ల మధ్య డేటా ఉండే ఫైల్‌గా మార్చి పంపుతున్నాం. డిస్కౌంట్ ఇవ్వని ఆర్డర్లలో కూడా డిస్కౌంట్ ట్యాగ్ మధ్య 0 వచ్చి కూర్చుంటోంది, అవతలివాళ్ల సిస్టమ్ ఫైల్‌ని తిప్పికొడుతోంది. ముందు డిస్కౌంట్ ప్రాపర్టీ (క్లాస్‌లో ఆ విలువ ఉండే చోటు) మీద ఎక్స్‌ఎంఎల్‌ఇగ్నోర్ పెట్టాను, అంటే దాన్ని ఫైల్‌లో రాయొద్దని చెప్పే గుర్తు. దాంతో నిజంగా డిస్కౌంట్ ఉన్న ఆర్డర్లలోనూ ట్యాగ్ మాయమైంది!

చివరికి షుడ్‌సీరియలైజ్‌డిస్కౌంట్ అని ఒక పబ్లిక్ మెథడ్ రాశాను, విలువ 0 కంటే ఎక్కువైతేనే ట్రూ ఇచ్చేలా. దాన్ని మనం ఎక్కడా పిలవక్కర్లేదు. షుడ్‌సీరియలైజ్ తర్వాత ప్రాపర్టీ పేరు పొల్లుపోకుండా ఉంటే చాలు, క్లాస్‌ని ఎక్స్‌ఎంఎల్‌గా మార్చే ఎక్స్‌ఎంఎల్‌సీరియలైజరే దాన్ని పట్టుకుంటుంది. (పేరులో ఒక్క అక్షరం తప్పినా ఎర్రర్ రాదు, మెథడ్‌ని పట్టించుకోదంతే. జాగ్రత్త.)

సాయంత్రం ఫైల్ తెరిచి చూస్తే డిస్కౌంట్ లేని ఆర్డర్లలో ఆ లైనే లేదు. ఎంత హాయిగా అనిపించిందో!