ఒక పొయ్యి రెండయ్యాక

ఆదివారం. పొద్దున్నే కావలి నుంచి అల్లూరుకు పోయాను. పిన్ని చేపల పులుసు పెట్టింది గానీ, తింటున్నంతసేపూ ఆమెకు ఒకటే దిగులు. "ఏందమ్మే, పెద్దోడు వేరుపడ్డాక ఇంట్లోకొచ్చే డబ్బు సగమైపోయింది."

ఆ సగం అన్న మాట నాకు మింగుడుపడలేదు. ఆమె కునుకు తీస్తుంటే పాత క్యాలెండర్ వెనక లెక్క వేశాను. కలిసున్నప్పుడు పెద్దోడి జీతం 22,000, చిన్నోడికి రొయ్యల గుంటల మీద 18,000. ఒక ఇల్లు, ఆరుగురు మనుషులు, 40,000. ఇప్పుడు పెద్దోడికి 26,000, చిన్నోడికి 21,000. ఇద్దరికీ పెరిగింది. అయినా ఇళ్లు రెండయ్యాయి కాబట్టి ఇంటి సగటు 23,500కి పడిపోయింది. తలకు లెక్కేస్తే మాత్రం 6,700 కూడా లేనిది 7,800 దాటింది. అదే ఆరుగురు, అవే రెండు జీతాలు, లెక్కేసే తీరే వేరు. ఉమ్మడి కాపురాలు విడిపోతున్న ఊళ్లో కుటుంబ ఆదాయం తగ్గింది కాబట్టి జనం చితికిపోయారని ఎవరన్నా చెబితే, ఇంటికి ఎంతమందో అడక్కుండా నేను నమ్మను.

లేచాక పిన్నికి చూపించాను. "పెద్దోడి ఇంటద్దె 5,000 కూడా రాయి. రెండో గ్యాసు బండ కూడా" అంది. అదీ నిజమే. ఇద్దరికీ కలిపి పెరిగిన 7,000లో ముప్పాతిక వంతు దాకా వేరు కాపురానికే పోయింది. వేరుపడ్డందుకు కోడలు సుఖంగా ఉంది, ఆ సుఖం ఏ గడిలో రాయాలి?

ధరల సంగతి ఇంకోటి. ప్రభుత్వ గృహ వినియోగ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో మనిషి నెల ఖర్చు 2011-12లో 1,430 రూపాయలు, 2022-23లో 3,773. రెండున్నర రెట్లు దాటింది. పాత ధరల్లోకి మార్చి చూస్తే అది 2,008 మాత్రమే, అంటే నూటికి నలభై పెరిగినట్టు. నలభై తక్కువేం కాదు, కాకపోతే రెండున్నర రెట్లు కాదు. ఉచితంగా అందే రేషన్ బియ్యం లాంటి వాటికి విలువ కట్టి కలిపితే 3,773 కాస్తా 3,860 అయింది. పిన్ని ఇంటికొచ్చే బియ్యం ఏ జీతం లెక్కలోనూ కనపడదు.

మా నెల్లూరు జిల్లా తలసరి ఆదాయం మాటెత్తితే నాకు కోపమే వస్తుంది. 2022 ఏప్రిల్‌లో గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయాయి, కందుకూరు మనలోకి వచ్చింది. ఒక్కరి జీతం కూడా మారకుండానే జిల్లా సగటు మారిపోతుంది. ఆపైన కృష్ణపట్నం పోర్టులో, అక్కడి కరెంటు ప్లాంట్లలో పుట్టే విలువంతా జిల్లా ఖాతాలోనే పడుతుంది. దాన్ని జనాభాతో భాగించి ఇది నీ వాటా అంటే, రొయ్యల గుంట దగ్గర రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకునే మా తమ్ముడికి ఏం ఒరిగింది? జిల్లాలో ఇళ్లన్నిటినీ ఆదాయం వరుసలో నిలబెట్టి, సరిగ్గా నడిమింటికి ఎంత వస్తోందో, ఆ ఇంట్లో అన్నం తినేవాళ్లు ఎంతమందో కూడా పేపర్లో వేయాలి. నాకు కావలసిన అంకెలు అవి.