నా ఓటు మాయాబజార్‌కే

నిన్న బ్రాడీపేటలో టీ తాగుతుంటే ఎవరికి ఏ సినిమా ఇష్టమనే వాదన మొదలైంది. అందరూ ఈ మధ్య హిట్లే చెప్పారు. నేను 1957 నాటి మాయాబజార్ అన్నాను. "అబ్బో, తాతగారూ!" అని ఒకటే నవ్వు.

నవ్వుకోనీండి. భారతంలోవాళ్ల కథ తీసి, పాండవులను ఒక్కసారి కూడా తెర మీద చూపించని కె.వి.రెడ్డి గారి ధైర్యం ఎంతమందికి ఉంది? అన్నిటికంటే నాకు సావిత్రి గారు. మన చిర్రావూరు ఆడపడుచు. మాయా శశిరేఖగా పైకి ఆడపిల్ల, లోపల ఘటోత్కచుడు. ఆ నడకలో, ఆ కళ్లెగరేయడంలో రంగారావు గారు దిగిపోతారు. దీనికి ఏ గ్రాఫిక్స్ కావాలి?

అసలు కారణం ఇంకోటి ఉంది. పొలం గట్టు గొడవతో మా నాన్న, పెదనాన్న మాట్లాడుకునేవాళ్లు కాదు. టీవీలో మాయాబజార్ వస్తే మాత్రం పెదనాన్న మా ఇంటికొచ్చి కూర్చునేవాడు. వాళ్లింట్లో టీవీ లేదు మరి. లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగురుతుంటే ఇద్దరూ ఒకేసారి పడీ పడీ నవ్వి, వెంటనే మొహాలు తిప్పేసుకునేవాళ్లు. అమ్మ ఇద్దరికీ కాఫీ ఇచ్చేది.

గట్టు సంగతి ఇప్పటికీ తేలలేదనుకోండి.