రాత్రి డొంక దారిలో సైకిల్: హెల్మెట్ మీద ఏ లైటు పెట్టుకోవాలి?

పగటి ఎండకు భయపడి, చీకటి పడ్డాక మౌంటెన్ బైక్ తీసి ఎర్రమట్టి దారులు పట్టేవాళ్ళు లైటు కొనేముందు మొదట అడిగేది "ఎన్ని లూమెన్లు కావాలి?" అని (లూమెన్ అంటే లైటు ఇచ్చే మొత్తం వెలుతురుకు కొలత). నన్నడిగితే ఆ ప్రశ్న మూడోది. మొదటిది, హ్యాండిల్ మీద లైటు ఉందా లేదా. రెండోది, హెల్మెట్ లైటు వెలుతురు ఎంత వెడల్పున పడుతుంది. ఈ రెండూ తేలాకే లూమెన్ల సంగతి.

హెల్మెట్ లైటు ఒక్కటే పెట్టుకుని దిగుడు దారిలో పోవద్దని గట్టిగా చెప్పడానికి కారణం నీడ. బండి జాడల మధ్య వాన నీరు కోసిన గాడి ఒకటి ఊహించుకోండి. నాలుగు వేళ్ళ లోతు, జానెడు వెడల్పు. హ్యాండిల్ లైటు నేలకు దాదాపు మీటరు ఎత్తులో ఉంటుంది, మీ కన్ను అంతకంటే అర మీటరు పైన. హ్యాండిల్ వెలుతురు ఏటవాలుగా వచ్చి గాడి అంచు దాటి పోతుంది, గాడి లోపల ఇవతలి వైపు నల్లగా మిగులుతుంది. పైనుంచి చూసే కంటికి ఆ నల్ల గీత చక్కగా కనిపిస్తుంది. అక్కడ లోతు ఉందని మెదడుకు చెప్పేది ఆ గీతే. హెల్మెట్ లైటు అలా కాదు, కంటికి బెత్తెడు పైన ఉంటుంది. అది వేసే నీడలన్నీ రాళ్ళ వెనకా, అంచుల వెనకా కంటికి కనపడకుండా దాక్కుంటాయి. గాడి, గడ్డ, చదును అన్నీ ఒకే రంగు దుప్పటి పరిచినట్టు కనిపిస్తాయి. ముందు చక్రం దిగాక గానీ లోతు తెలియదు.

మరి హ్యాండిల్ లైటు ఒక్కటే చాలదా అంటే, మలుపు వచ్చేదాకా చాలు. మలుపులో అది చక్రం చూసే వైపే చూస్తుంది, మీరు పోవాల్సిన వైపు చీకటే. మిట్ట ఎక్కి అవతలికి దిగబోయేటప్పుడు వెలుతురు ఆకాశానికి పోతుంది. వాగులోకి దిగితే ఎదుటి గట్టుకు కొట్టుకుంటుంది. కన్ను ఎటు తిరిగితే అటు వెలుతురు పంపడం హెల్మెట్ లైటు పని. అందుకే వెడల్పు వెలుతురు హ్యాండిల్ మీద, సన్నటిది తల మీద. వెలుతురు విచ్చుకునే కోణం హ్యాండిల్‌కు 25 నుంచి 40 డిగ్రీలు, హెల్మెట్‌కు 10 నుంచి 15 డిగ్రీలు సరిపోతాయి.

ఈ డిగ్రీల్లోనే అసలు కిటుకు ఉంది. ఒకే లూమెన్లను 30 డిగ్రీల్లో పరిచినప్పటికంటే 12 డిగ్రీల్లో పోస్తే నడిమధ్య వెలుతురు దాదాపు 6 రెట్లు అవుతుంది. 1800 లూమెన్ల వెడల్పు లైటు కంటే 600 లూమెన్ల సన్న లైటు దూరంలో బాగా చూపించేది ఇందుకే. పైగా తల మీద వెడల్పు లైటు ఎక్కువగా వెలిగితే, హ్యాండిల్ లైటు కష్టపడి గీసిన నీడలన్నీ చెరిపేస్తుంది. హ్యాండిల్‌కు 1000 నుంచి 1500, తలకు 600 నుంచి 1000 లూమెన్లు పెట్టుకుంటే మన మొరం దారులకు ధారాళం. ఎక్కుడులో 200 చాలు.

దూరం లెక్క కూడా చూద్దాం. గంటకు 25 కిలోమీటర్లు అంటే సెకనుకు 7 మీటర్లు. గుంత చూసి బ్రేకు నొక్కేసరికి సెకనున్నర పోతుంది, అంటే 10 మీటర్లు. జారే మొరం మీద ఆగడానికి ఇంకో 7. కాబట్టి కనీసం 20, 25 మీటర్ల దూరంలో నేల స్పష్టంగా కనపడాలి. డబ్బా మీద రాసే "160 మీటర్లు" ఈ దూరం కాదు. టార్చిలైట్లను కొలిచే ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం అది వెలుతురు 0.25 లక్సుకు (లక్సు అంటే ఒక చోట పడే వెలుతురుకు కొలత) పడిపోయే చోటు, అంటే పున్నమి వెన్నెలంత. ఆ వెలుతురులో చెట్టు కనిపిస్తుంది గానీ గుంత కనపడదు. నేల చదవడానికి 10 లక్సులైనా కావాలనుకుంటే డబ్బా మీది దూరాన్ని 6తో భాగించండి. 160 అని ఉంటే పనికొచ్చేది 25 చిల్లర మీటర్లు. ఇంజను బండి మీద 60 వేగంతో పోయేవాళ్ళకు ఇదే లెక్కలో 65 మీటర్లు కావాలి, అంటే డబ్బా మీద 400 దాకా ఉండాలి.

ఇక బరువు. తల మీద ఎక్కే మొత్తం 150 గ్రాములు దాటకూడదన్నది నా గట్టి అభిప్రాయం. అంతకు మించితే గతుకుల్లో హెల్మెట్ ముందుకు జారి కళ్ళ మీదికి వస్తుంది, రెండు గంటలకు మెడ పట్టేస్తుంది. ఈ లైట్లలో వాడే 18650 రకం లిథియం సెల్ ఒక్కోటి 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. రెండు సెల్స్ లైటులోనే ఉంటే వాటికే 100 గ్రాములు పోతాయి. ఎక్కువసేపు తిరగాలంటే లైటు తల మీద, బ్యాటరీ బ్యాగులో ఉండే రకం మేలు. మీటరు పొడుగు వైరును హెల్మెట్ వెనక రంధ్రం గుండా దించి, తల రెండు వైపులా పూర్తిగా తిప్పి, వంచి చూసి, ఆ మేరకు వదులు ఉంచండి. వైరు జాయింటు మెడ వెనక ఉండాలి, పడినప్పుడు లాగితే ఊడిపోవాలి. బ్యాటరీని వెన్నెముక మీద కాకుండా పక్క జేబులో పెట్టండి.

బిగించడం. వెల్క్రో పట్టీని హెల్మెట్ ముందు భాగంలో నడిమి రెండు రంధ్రాల గుండా దూర్చి, లైటు అడుగు భాగం హెల్మెట్ వంపు మీద పూర్తిగా ఆనేలా లాగి కట్టండి. వేలితో పక్కకు తోస్తే లైటు కదలకూడదు. కదిలితే కింద సన్నటి రబ్బరు ముక్క, పాత ట్యూబుది కత్తిరించి, వేయండి. లోపల కదిలే మిప్స్ పొర ఉన్న హెల్మెట్ అయితే పట్టీ ఆ పొరను చుట్టకూడదు. చుడితే అది పైచిప్పకు బిగుసుకుని, దెబ్బ తగిలినప్పుడు జారాల్సిన పొర జారదు. జిప్ టై వాడొద్దు, మర కొట్టొద్దు. దారికి అడ్డంగా వంగిన సర్కారు తుమ్మ కొమ్మ లైటుకు తగిలితే ఊడిపోవాల్సింది లైటు, తిరిగిపోవాల్సింది మీ మెడ కాదు. అంటించే మౌంటు అయితే హెల్మెట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అంటించి, 72 గంటలు వదిలేయండి. థిన్నరుతోగానీ పెట్రోలుతోగానీ తుడిస్తే పాలీకార్బొనేట్ చిప్ప పైకి బాగానే కనిపిస్తూ లోపల బలహీనపడుతుంది.

ముందు టోపీ అంచు ఉన్న ఫుల్‌ఫేస్ హెల్మెట్‌లో ఇంకో చిక్కు ఉంది. వెలుతురు కింది భాగం ఆ అంచుకు తగిలి నేరుగా కంట్లో పడుతుంది. లైటు కొంచెం ముందుకు జరపండి, అప్పటికీ పోకపోతే అంచు పైభాగంలో మెరుపు లేని నల్ల గుడ్డ టేపు అంటించండి.

గురి పెట్టడం ఇంట్లో నిలబడి చేసే పని కాదు. చదును చోట సైకిల్ ఎక్కి, పెడళ్ళు సమంగా పెట్టి, దిగుడులో నిలబడే భంగిమలో 15 మీటర్ల దూరంలోని రాయిని మామూలుగా చూడండి. వెలుతురు నడిబొడ్డు ఆ రాయి మీద పడాలి. ఒకవేళ కింద పడితే, రాత్రంతా గడ్డం పైకెత్తి తొక్కాల్సి వస్తుంది.

ధూళి లేచినప్పుడు పద్ధతి మారాలి. ముందు ఇద్దరు పోతుంటే ఎర్ర దుమ్ము గాలిలోనే నిలుస్తుంది. కంటి పక్కనుంచి పోయే వెలుతురు ఆ దుమ్ముకు తగిలి తిరిగి కంటికే వస్తుంది, ముందు తెల్లటి గోడ కట్టినట్టు అవుతుంది. చలికాలం అరకు, లంబసింగి వైపు పొగమంచులోనూ ఇంతే. వెంటనే హెల్మెట్ లైటు వెలుతురును అట్టడుగుకు దించి హ్యాండిల్ లైటును నమ్ముకోవాలి. అందుకే కొనేముందు బటన్ చూడండి. చేతి తొడుగుతో నొక్కగలగాలి, పెద్ద వెలుతురు నుంచి చిన్నదానికి పోయే దారిలో మినుకుమినుకు మోడ్ రాకూడదు. హ్యాండిల్ మీద రిమోట్ ఉంటే ఇంకా మంచిది.

వెలుతురు రంగు విషయంలో 4000 నుంచి 5000 కెల్విన్ (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుతురు నీలి వైపు పోతుంది) తీసుకోండి. 6500 నీలి తెలుపు కింద ఎర్రమట్టి రంగు వెలిసిపోయి, తడి మట్టి, పొడి మట్టి తేడా తెలియదు.

బ్యాటరీ దగ్గరే ఎక్కువ మోసం జరుగుతుంది. మంచి 18650 సెల్ 3500 ఎంఏహెచ్ దగ్గర ఆగుతుంది, అంటే 12.6 వాట్‌అవర్లు (10 వాట్ల లైటు గంటకు పైగా వెలిగేంత శక్తి). "9900" అని రాసి ఉంటే అది అబద్ధమే. వంటింటి తూకంలో పెట్టి చూడండి, 35 గ్రాములలోపు తూగితే పక్కన పెట్టేయండి. 1000 లూమెన్లకు సుమారు 10 వాట్లు అనుకుంటే, రెండు మంచి సెల్స్ రెండు గంటలు ఇస్తాయి. డబ్బా మీది గంటలు వెలుతురు 10 శాతానికి పడిపోయేదాకా లెక్కేసినవి, వాటిని నమ్మి దూరం పోవద్దు. హ్యాండిల్, హెల్మెట్ లైట్లకు బ్యాటరీలు వేరువేరుగా ఉండాలి, ఒకటి చస్తే రెండోదానితో ఇల్లు చేరొచ్చు. అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్ళు విడి బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టించండి. 100 వాట్‌అవర్ల లోపు అయితే విమానంలో ఇబ్బంది లేదు.

లైటు కొనగానే ఇంట్లో పది నిమిషాలు వెలిగించి, వేడెక్కి వెలుతురు తగ్గిపోయిందని బెంగపడకండి. గాలి తగలక అది తనను తాను కాపాడుకుంటోంది. టేబుల్ ఫ్యాను ముందు పెట్టి పరీక్షించండి. ఫ్యాను గాలిలోనూ తగ్గితేనే అనుమానించాలి. నీటిని, దుమ్మును ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ అంకె కూడా చూడండి, వానకు ఐపీఎక్స్6 అయినా ఉండాలి. ఎక్స్ అక్షరం ఉన్నచోట దుమ్ము పరీక్ష చేసినట్టు రాయలేదని అర్థం, మన దారులకు ఐపీ67 దొరికితే అదే తీసుకోండి.

తొలకరి తర్వాత ఉసిళ్ళు లేచే సాయంత్రాలు కొన్ని ఉంటాయి. తల మీది లైటు వాటిని సరిగ్గా ముఖం మీదికే పిలుస్తుంది, తెల్ల కళ్ళద్దాలు లేకుండా బయల్దేరొద్దు. హెల్మెట్ లైటుతో ఒక మేలూ ఉంది. కుక్క, నక్క, పశువు, ఏదైనా సరే, వాటి కళ్ళు వెలుతురును వచ్చిన వైపుకే తిప్పి పంపుతాయి. లైటు మీ కంటి పక్కనే ఉంది కాబట్టి ఆ మెరుపు చాలా దూరం నుంచే కనిపిస్తుంది. పాము కన్ను మాత్రం అలా మెరవదు, దాన్ని హ్యాండిల్ లైటు నీడలోనే పట్టుకోవాలి.

ఎదురుగా ట్రాక్టరు వచ్చినా, మోటారు వేయడానికి టార్చితో రైతు వస్తున్నా, మనిషన్నాక తల తిప్పి ముఖం చూస్తాం. చూసిన క్షణం ఆయనకు కళ్ళు చీకట్లు కమ్ముతాయి, గట్టు మీద అడుగు తప్పుతుంది. 50 మీటర్ల ముందే హెల్మెట్ లైటు అట్టడుగుకు దించి, గడ్డం ఛాతీకి ఆనించి, హ్యాండిల్ వెలుతురుతో మెల్లగా పక్కకు తప్పుకోండి. ఆయన దాటాక మళ్ళీ పెంచుకోవచ్చు.