ఆరు కిలోలేనా

పదకొండున్నర దాటింది. ఈపాటికి పడుకోవాలి. పదిన్నరకల్లా లైటు తీసెయ్యడం నేను కష్టపడి చేసుకున్న అలవాట్లలో ఒకటి. కానీ ఇవాళ నిద్ర రావడం లేదు. మధ్యాహ్నం ఫోన్లో నేను బరువు తగ్గిన సంగతి వచ్చినప్పుడు వదిన అన్న ఒక్క మాట మనసులో అలాగే ఉండిపోయింది.

"పద్నాలుగు నెలల్లో ఆరు కిలోలేనా?"

ఎత్తిపొడుపుగా అనలేదు. మామూలుగానే అడిగింది. ఆ తర్వాత పిల్లల పరీక్షల గురించి, అన్నయ్య మోకాలి నొప్పి గురించి ఏవేవో చెప్పింది. నేను ఊ కొడుతూనే ఉన్నాను, మనసు మాత్రం ఆ "లేనా" దగ్గరే ఆగిపోయింది. సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే అదే, రాత్రి గిన్నెలు సర్దుతుంటే అదే. ఈయన రెండుసార్లు "ఏమైంది?" అని అడిగి ఊరుకున్నారు. చెప్పినా అర్థమవుతుందన్న నమ్మకం లేక నేనూ చెప్పలేదు.

74.6 కిలోల నుంచి 68.4కి వచ్చాను. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా బీపీ, షుగర్, కొలెస్టరాల్ లాంటివి మెరుగుపడే అవకాశం ఉందని డాక్టర్లు చెబుతారు. నేను తగ్గింది 8 శాతం పైనే. ఆ లెక్క వదినకి అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఇలాంటివన్నీ నాకు ఫోన్ పెట్టేశాకే గుర్తొస్తాయి.

అసలు నన్ను బాధపెట్టేది వదిన ఒక్కతే కాదు. కాస్త సన్నబడ్డానని తెలియగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ డైట్?" అని. డైట్ ఏమీ లేదంటే నమ్మరు. టీలో చక్కెర మానేశాను, రాత్రి భోజనం ముందుకి జరిపాను, తిన్నాక నడుస్తున్నాను అని చెబుతానా, ఇంకేదో దాస్తున్నానన్నట్టు చూస్తారు. దానికో పేరు ఉండాలి, చార్టు ఉండాలి, ఇన్ని రోజులని గడువు ఉండాలి. అవేవీ లేకపోతే అసలు ఏమీ చెయ్యనట్టే లెక్క. పద్నాలుగు నెలలు ఒక్క పనిని పట్టుకుని ఉండటం ఎవరికీ పనిలా కనిపించదు. అది నాకు నిజంగా కష్టంగా ఉంటుంది.

పేరున్న డైట్ కూడా చేశాను కదా. మా చిన్నమ్మాయి ఒకటో తరగతిలో చేరిన ఏడాది. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించుకుని, గ్రాములు తూచుకుని, పది వారాల్లో తొమ్మిది కిలోలు. అప్పుడు వదినే అందరికీ గొప్పగా చెప్పుకుంది నా గురించి.

ఆ పది వారాల్లో నేను ఎలా ఉన్నానో మాత్రం ఎవరికీ తెలియదు. రాత్రి అందరూ నిద్రపోయాక సౌండ్ తీసేసి వంటల వీడియోలు చూసేదాన్ని. అవి వండాలని కాదు, ఊరికే చూడటానికి. ఆఫీసులో ఎవరైనా బాక్సు తెరిస్తే లేచి వెళ్ళిపోయేదాన్ని. మధ్యాహ్నం తింటూనే రాత్రికి ఏం తినాలో లెక్క వేసుకునేదాన్ని. చిన్నది కంచంలో వదిలేసింది సింకు దగ్గర నిలబడి గబగబా తినేసి, ఆ తర్వాత అరగంట ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు.

దాని పుట్టినరోజు కూడా ఆ వారాల్లోనే వచ్చింది. కేకు కోసి మొదటి ముక్క నాకే తెచ్చింది. చెయ్యి చాపి, మునివేళ్ళ మీద నిలబడి నా నోటి దాకా పెట్టింది. నేను తల పక్కకి తిప్పేశాను. "అమ్మకి వద్దమ్మా" అన్నాను. అది ఒక్క క్షణం నా వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని ఆ ముక్క తనే తినేసింది. ఏడవలేదు, అడగలేదు. సరిగ్గా ఆ క్షణంలో ఎవరో ఫోటో తీశారు. అందులో నేను చాలా సన్నగా ఉన్నాను. ఇప్పటికీ అత్తయ్యకి నా ఫోటోల్లో అదే ఇష్టం. హాల్లో పెడదామంటే వద్దన్నాను. ఎందుకో ఆవిడకి చెప్పలేదు.

అప్పుడు నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. తర్వాత చాలా కాలానికి, 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం గురించి చదివాను. 36 మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకి దాదాపు ఆరు నెలల పాటు రోజుకి సుమారు 1,570 క్యాలరీలే పెట్టారు. వాళ్ళకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. కొందరైతే వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదువుకున్నారట. అది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. దుప్పటి కింద నా ఫోన్ వెలుగు గుర్తొచ్చింది. అది నా బలహీనత కాదు, ఆకలి మనిషికి చేసే పనే అది.

ఆ తొమ్మిది కిలోలు ఏడాది తిరక్కుండానే పదకొండై తిరిగొచ్చాయి. అమెరికాలో ఒక టీవీ పోటీలో పాల్గొని వేగంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షించారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. చాలామందికి పోయిన బరువులో ఎక్కువ భాగం తిరిగొచ్చింది. అయినా వాళ్ళ శరీరాలు విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి, ఉండాల్సినదానికంటే రోజుకి దాదాపు 500 క్యాలరీలు తక్కువగానే ఉంది. వాళ్ళదంతా చాలా తీవ్రమైన పద్ధతి, నాది అంత కాదు. అయినా ఆ వార్త చదివాక ఫ్రిజ్ మీద కాగితం అంటించే ధైర్యం మళ్ళీ రాలేదు.

ఈసారి టీతో మొదలుపెట్టాను. కప్పుకి రెండు చెంచాలు, రోజుకి మూడు కప్పులు. చెంచాకి సుమారు 4 గ్రాములు అనుకున్నా 24 గ్రాములయింది. విడిగా కలిపే చక్కెర రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఇంకేమీ తినకుండా టీతోనే దగ్గర దగ్గర అంతా అయిపోతోంది. ఒక్కసారిగా మానలేదు. అరచెంచా తగ్గించడం, నాలుక అలవాటు పడేదాకా ఆగడం, మళ్ళీ అరచెంచా. మూడు నెలలు పట్టింది.

నడకకి మాత్రం టైము పెట్టుకోలేదు. గిన్నెలు సర్దడం అవ్వగానే చెప్పులు, అంతే. పదిహేను నిమిషాలు. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందితో చేసిన అధ్యయనంలో ఒక కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18 రోజులైతే ఇంకొకరికి 254 పడుతుందని లెక్కగట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా అందులోనే తేలింది. నాకు బాగా పనికొచ్చిన మాట అదే. ఇదివరకు ఒక రోజు తప్పితే ఇక అంతా పోయిందని వదిలేసేదాన్ని. ఇప్పుడు చిన్నదానికి జ్వరం వస్తే నాలుగు రోజులు నడవను, ఐదో రోజు చెప్పులేసుకుంటాను.

చిన్న ప్లేటు కూడా కొన్నాను. చిన్న ప్లేటులో తింటే తక్కువ తింటామని అంతటా చెబుతారు కదా. ఆ సలహా అంత ప్రచారంలోకి రావడానికి ముఖ్య కారణమైన పరిశోధకుడి వ్యాసాలు ఆరింటిని, నమ్మలేమంటూ వాటిని వేసిన పత్రికలే 2018లో ఒకేసారి వెనక్కి తీసుకున్నాయని తర్వాత తెలిసింది. నాకైతే ఏ ప్లేటులో తిన్నా తేడా కనిపించలేదు. పాత ప్లేటే మళ్ళీ తీశాను. కూర్చుని తినడం, ఫోన్ పక్కగదిలో వదిలెయ్యడం, ఇవి మాత్రం నా విషయంలో పనిచేశాయి.

ఇందాక ఇదంతా వదినకి మెసేజ్‌గా రాయడం మొదలుపెట్టాను. ఆరు కిలోలకి ఇంత కాలం ఎందుకు పట్టిందో లెక్కతో సహా చెబుదామని. కిలో కొవ్వుకి సుమారు 7,700 క్యాలరీలు, కాబట్టి రోజుకి 100 తగ్గిస్తే ఏడాదికి దాదాపు ఐదు కిలోలు పోతాయని చాలాచోట్ల రాస్తారు. అది నిజం కాదు. బరువు తగ్గుతున్న కొద్దీ శరీరం ఖర్చు చేసేది కూడా తగ్గుతుంది. కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం 2011లో చెప్పిన లెక్క ప్రకారం, రోజుకి 24 క్యాలరీల మార్పు శాశ్వతంగా నిలబడితే చివరికి ఒక కిలో తగ్గుతుంది. అందులో సగం తగ్గడానికే సుమారు ఏడాది పడుతుంది. అంటే రోజుకి 100 తగ్గించిన మనిషికి మొదటి ఏడాది దక్కేది రెండు కిలోలు. కాబట్టి నా ఆరు కిలోలు తక్కువేమీ కాదు వదినా, అని రాశాను.

ఆ చివరి వాక్యం రాస్తుంటేనే తమ్ముడు గుర్తొచ్చాడు.

పోయిన ఆదివారం ఫోన్ చేసి బరువు పెరిగిపోతోంది అక్కా అన్నాడు. నేనేమన్నాను? "రోజూ కాస్త నడు, టీలో చక్కెర మానెయ్, చాలు. నాకు తగ్గలేదా?" వాడు "సరే అక్కా" అని పెట్టేశాడు. ఆ "సరే" అప్పుడు నాకు వినిపించలేదు. ఇప్పుడు వినిపిస్తోంది.

వాడివి రాత్రి డ్యూటీలు. వేసుకునే మందుల్లో ఒకటి బరువు పెంచేదేనని వాడి డాక్టరే చెప్పారు. పగలు మూడు నాలుగు గంటలకి మించి నిద్ర లేదు. నేను సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉంటాను. నేను నడుస్తుంటే చిన్నదాన్ని ఈయన చూసుకుంటారు. రాత్రి ఏడు గంటల నిద్ర ఉంది. నా అలవాట్లు వీటన్నిటి మీద నిలబడ్డాయి. వాటిని లెక్కలోకే తీసుకోకుండా వాడికి "చాలు" అన్నాను. వదిన నన్ను "లేనా" అన్నదానికీ దీనికీ తేడా ఏముంది?

రాయడం మొదలుపెట్టినప్పుడు చిన్న అలవాట్లు ఎవరికైనా సరిపోతాయనే రాద్దామనుకున్నాను. ఇప్పుడలా రాయలేను. నాకు సరిపోయాయి, అంతవరకే నాకు తెలుసు. వాడికి ముందు కావలసింది నిద్రేమో. షికాగోలో 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో, బరువు ఎక్కువగా ఉండి నిద్ర చాలని 80 మందిలో కొందరికి రోజుకి సుమారు గంటంబావు నిద్ర పెరిగేలా చూశారు. తిండి గురించి ఒక్క మాట చెప్పకపోయినా, మిగతావాళ్ళతో పోలిస్తే వాళ్ళు తినేది రోజుకి దాదాపు 270 క్యాలరీలు తగ్గింది. నా టీ చక్కెర మొత్తం కలిపినా వంద క్యాలరీలు లేవు. మందు సంగతి డాక్టరుతోనే మాట్లాడాలి, దానికి బదులు వేరేది ఉందేమో అడగాలి. వాడంతట వాడు మానేస్తాడేమో అని కూడా భయమే.

వదిన మీద కోపం పోయిందా అంటే పోలేదు. మెసేజ్ మాత్రం చెరిపేశాను.

ఇంకొకటి కూడా జరిగింది ఇవాళ. ఆఫీసులో ఎవరో నా టేబుల్ మీద స్వీట్ల డబ్బా పెట్టి వెళ్ళారు. పొద్దున ఒకటి తిన్నాను, బాగుంది. సాయంత్రం బ్యాగు సర్దుకుంటుంటే డబ్బా కనిపించింది. రోజంతా అది అక్కడే ఉందన్న సంగతే గుర్తు రాలేదు. ఆ పాత పది వారాల్లో అయితే ఒక్క నిమిషం కూడా మర్చిపోగలిగేదాన్ని కాదు.

ఇప్పుడే తమ్ముడికి మెసేజ్ పెట్టాను. "డ్యూటీ నుంచి వచ్చాక నిద్ర పడుతోందా రా?" బ్రేక్‌లో ఉన్నట్టున్నాడు, వెంటనే జవాబిచ్చాడు.

"తొమ్మిదికి పడుకుంటా అక్కా. పన్నెండుకల్లా మెలకువ వచ్చేస్తోంది. కిటికీలోంచి ఎండ సరిగ్గా మొహం మీదే."

ఆ కిటికీ కొలత ఎంతో అడిగాను. రేపు మందపాటి కర్టెన్లు చూడాలి.