కొర్రన్నం తిన్నా ఐదో కారణం దైవమే

అధిష్ఠానం తథా కర్తా కరణం చ పృథగ్విధమ్ |
వివిధాశ్చ పృథక్చేష్టా దైవం చైవాత్ర పంచమమ్ ||

భగవద్గీత 18వ అధ్యాయంలో 14వ శ్లోకం ఇది. ఏ పని నెరవేరాలన్నా ఐదు కలవాలంటాడు కృష్ణుడు. శరీరం, చేసేవాడు, ఇంద్రియాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఆరోగ్యం విషయంలో మనం దీన్ని మళ్ళీ మళ్ళీ చదువుకోవాలి.

కొర్రలు, సామలు, అరికలు, ఊదలు కొన్నేళ్ళుగా మన వంటింట్లోకి తిరిగొచ్చాయి. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది కూడా. చాలా సంతోషం, మన పెద్దలు తిన్న తిండే. కానీ ఏ నమ్మకంతో తింటున్నామో కూడా చూసుకోవాలి. ఆరోగ్యం ఎవరి చేతిలో ఉందని మనిషి అనుకుంటాడో కొలవడానికి 1978లో అమెరికాలో వాల్‌స్టన్ దంపతులు, డెవెలిస్ అనే పరిశోధకులు కలిసి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. నా చేతిలో, డాక్టర్ వంటివారి చేతిలో, అదృష్టం చేతిలో అన్న మూడు నమ్మకాలనూ విడివిడిగా కొలిచారు. గీత మాత్రం మన ప్రయత్నాన్నీ దైవాన్నీ ఒకే శ్లోకంలో పక్కపక్కన నిలబెట్టింది.

అంతా తలరాత అని ఇష్టమొచ్చినట్టు తినేవాళ్ళకు ఆరో అధ్యాయంలోనే జవాబుంది. అతిగా తినేవాడికీ, బొత్తిగా తినకుండా ఉండేవాడికీ యోగం కుదరదని అక్కడ స్పష్టంగా చెప్పాడు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది రెండో వైపు. అన్నీ నా చేతిలోనే ఉన్నాయి, ఇది తింటే ఏ జబ్బూ రాదు అన్న ధీమా. "కర్తారమాత్మానం కేవలం తు యః" అంటూ 18వ అధ్యాయంలోనే 16వ శ్లోకం హెచ్చరించేది ఇలాంటివాళ్ళనే. తానొక్కడే కర్త అనుకునేవాడు ఉన్నదున్నట్టు చూడలేడట. ఆ ధీమా చివరికి జబ్బుపడినవాళ్ళ మీద నిందగా మారుతుంది. టైప్ 1 షుగర్ వచ్చిన బిడ్డ తల్లిని చూసి "స్వీట్లు పెట్టి చెడగొట్టావు" అంటారు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేయడం వల్ల వచ్చే జబ్బది. అందులో ఆ తల్లి చేసిన తప్పేముంది? ఇంకా ఘోరం, కషాయం తాగిస్తే చాలని ఇన్సులిన్ మాన్పించడం. అది ప్రాణాల మీదికి తెస్తుంది. వైద్యుడి మందు కూడా ఆ "వివిధ చేష్టల"లోదే కదా!

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు భోజనానికి ముందు "అహం వైశ్వానరో భూత్వా" అని చదువుతారు. జఠరాగ్నిగా ఉండి అన్నాన్ని అరిగించేది నేనే అని భగవంతుడు చెప్పిన మాట, 15వ అధ్యాయంలోది. వండుకోవడం, వడ్డించుకోవడం, నమిలి మింగడం వరకు మన పని. ఆ తర్వాతది ఆయనకు అప్పగించినవాళ్ళు తిరుపతి లడ్డూ ప్రసాదం చిటికెడు నోట్లో వేసుకున్నందుకు రాత్రంతా టెన్షన్ పడరు, కొర్రన్నం తిన్నాం కదా అని పొద్దున వేసుకోవాల్సిన మాత్రా మానరు.