ఒక్క తెర, ఐదు కొలతలు

డిసెంబర్, తిరువనంతపురం.

కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ తెర మీద ఈరోజు ఐదు ఆటలు. పొద్దున నలుపు తెలుపు సినిమా, తర్వాత ఒక డాక్యుమెంటరీ, మధ్యాహ్నం ఆరు షార్ట్ ఫిల్ములు, సాయంత్రం ఒక స్కోప్ సినిమా (బాగా వెడల్పు బొమ్మ), రాత్రికి బాగుచేసిన పాత సినిమా. 1996లో కోళికోడ్‌లో మొదలైన ఉత్సవం ఇది. సీటు దొరక్కపోతే మెట్ల మీద కూర్చుని చూసే జనం. వాళ్లకి బొమ్మ సరిగ్గా పడాలి.

మామూలు థియేటర్‌లో ఒకే సినిమా వారం ఆడుతుంది, ఒకసారి సరిచేస్తే చాలు. ఇక్కడ ప్రతి రెండు గంటలకీ కొలత మారుతుంది. 2కే డీసీపీలో, అంటే థియేటర్‌కి వచ్చే డిజిటల్ కాపీలో, ఫ్లాట్ (మామూలు వెడల్పు) అంటే 1998×1080 పిక్సెళ్లు, స్కోప్ అంటే 2048×858. పొద్దుటి సినిమా వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లు, ఫ్లాట్ చట్రంలోనే 1480×1080 బొమ్మ, రెండు పక్కలా నలుపు. దీన్ని పొరపాటున స్కోప్ సెట్టింగులో వేస్తే పైన తలలు తెగుతాయి, కింద సబ్‌టైటిల్ పోతుంది. సరైన సెట్టింగులో వేసినా ఇంకో పని ఉంది. ప్రొజెక్టర్ వేసే నలుపు నిజంగా నలుపు కాదు, చీకట్లో బూడిద రంగు పట్టీలా కనబడుతుంది. రెండు పక్కలా ఉండే నల్ల కర్టెన్లని బొమ్మ అంచుదాకా లాగితేనే ఆ చట్రం నిలబడుతుంది. వాటి మోటారు అంతదూరం లాగలేని చోట నల్లగుడ్డ పిన్నులతో బిగించాలి. పది నిమిషాల పని, కానీ ఫ్రేము అక్కడే ఆగిందని కంటికి తెలుస్తుంది. దర్శకుడు కోరుకున్నదీ అదే.

డాక్యుమెంటరీ సెకనుకి 25 ఫ్రేములది. సినిమా ఆడించే పాత సర్వర్లు కొన్ని దీన్ని ఆడించవు. 24కి మార్చి తెస్తే 90 నిమిషాల సినిమా 93 నిమిషాల 45 సెకన్లు అవుతుంది, గొంతులు కాస్త బరువెక్కుతాయి. ఆ నాలుగు నిమిషాలు దర్శకుడితో మాటామంతీకి ఉంచిన పావుగంటలోంచే పోతాయి.

షార్ట్ ఫిల్ములతోనే అసలు పని. శబ్దం పెంచే తగ్గించే ఫేడర్‌కి 7 అన్నది ప్రమాణం. కానీ ఇంట్లో చిన్న స్పీకర్ల మీద కలిపిన శబ్దం 7లో చెవులు పగలగొడుతుంది, స్టూడియోలో కలిపిన దాని మాటలు 5లో వినబడవు. ఆరింటికీ ఆరు అంకెలు కాగితం మీద రాసి ఫేడర్ పక్కన అంటించాలి. స్టీరియోలో, అంటే ఎడమ కుడి రెండిట్లోనే, వచ్చిన వాటికి మధ్య స్పీకర్ పలకదు, ఎడమ చివర కూర్చున్నవాళ్లకి మాటలన్నీ ఎడమ గోడ నుంచే వస్తాయి. అప్పటికప్పుడు దానికి మందు లేదు, తీసేవాళ్లు మిక్సింగ్ దగ్గరే చూసుకోవాలి.

సబ్‌టైటిళ్లు మొదటి ఐదు నిమిషాలు చూసి సరే అనుకోకూడదు. డీసీపీ సాధారణంగా ఇరవై నిమిషాల రీళ్లుగా ఉంటుంది, టైమింగ్ తప్పేది ఎక్కువగా రెండో రీలు మొదట్లో. అందుకే 22వ నిమిషం దగ్గర ఒకసారి, చివర్లో ఒకసారి చూడాలి.

తాళం సంగతి. డీసీపీని తెరిచే డిజిటల్ తాళంచెవి కేడీఎం ఆ ఒక్క సర్వర్‌కే పనిచేస్తుంది, ఆటని పక్క హాలుకి మారిస్తే కొత్తది తెప్పించాలి. అది తెరుచుకునే వేళ కూడా చూడాలి: లాస్ ఏంజెలెస్ వేళలో ఇస్తే, అక్కడ ఈ నెలలో పొద్దున 10 అంటే ఇక్కడ రాత్రి 11:30. తేదీ ఒకటే కదా అని వదిలేస్తే పగటి ఆట తెరుచుకోదు.

సాయంత్రం స్కోప్ సినిమాకి పేచీ లేదు. రాత్రి ఆటలో చివరి పేర్లు పూర్తయ్యేదాకా దీపాలు వెలిగించలేదు, జనమూ లేవలేదు.

రేపటి మొదటి సినిమా 150 జీబీ. పాత యూఎస్‌బీ పోర్టులో గంటన్నర పడుతుంది, సర్వర్‌లోకి ఎక్కుతోంది. తాళం పొద్దున 8కి తెరుచుకుంటుంది, ఆట 9:15కి. 22వ నిమిషం చూడటానికి ఆ మధ్యలోనే వీలు.