దాని నాలుక చూసి నా నడక

ట్రైల్ మీద, అంటే కొండల్లో కాలిదారి మీద, ఎదురయ్యేవాళ్ళలో చాలామంది మా కుక్క మ్యాగీని చూడగానే సో క్యూట్ అంటూ చెయ్యి చాపేస్తారు, దానికి తొడిగిన కోటు మీద ముట్టుకోవద్దని అంతంత అక్షరాలతో రాసున్నా సరే. అది డ్యూటీలో ఉందండీ బాబూ!

నాకు చిన్నప్పట్నించీ టైప్ 1 షుగర్. షుగర్ బాగా పడిపోతే వచ్చే చెమట, వణుకు నాకిప్పుడు సరిగ్గా తెలియవు, ఏళ్ళ తరబడి అలా పడిపోతూ ఉంటే ఒంటికి ఆ తెలివిడి పోతుంది. అందుకే మ్యాగీ, షుగర్ పడిపోతే పసిగట్టి చెప్పేలా నేర్పిన సర్వీస్ డాగ్. నా వాసన మారగానే ముక్కుతో మోకాలి వెనక పొడుస్తుంది, నేను పట్టించుకోకుండా నడిస్తే ముందుకొచ్చి దారికి అడ్డంగా కూర్చుంటుంది, గ్లూకోజ్ బిళ్ళలు నోట్లో వేసుకునేదాకా లేవదు. షుగర్ పడిపోతే ఊపిరిలో ఐసోప్రీన్ అనే రసాయనం పెరుగుతుందని 2016లో కేంబ్రిడ్జ్ వాళ్ళు చూపించారు, బహుశా కుక్కలకి తగిలే వాసన అదే అయ్యుండొచ్చట. ఒంటికి పెట్టుకునే షుగర్ సెన్సార్ ఉందిగా అంటారు, ఉంది, కానీ అది కొలిచేది చర్మం కింద ద్రవంలో, రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకుంటుంది, కొండెక్కేటప్పుడు ఆ కాస్త ఆలస్యం చాలు కొంప ముంచడానికి.

మేం ఎక్కువగా నడిచేది అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని షెనండోవా నేషనల్ పార్క్‌లో. జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల్లో దాదాపు 2,190 మైళ్ళు పోయే అపలేచియన్ ట్రైల్‌లో వంద మైళ్ళ పైచిలుకు ఈ పార్క్‌లోనే ఉంది. మామూలు కుక్కల్ని కూడా ఇక్కడ చాలా ట్రైల్స్‌లోకి రానిస్తారు, ఓల్డ్ రాగ్ అనే బండరాళ్ళ కొండ లాంటి కొన్నిచోట్ల తప్ప. సర్వీస్ డాగ్‌కి అక్కడా అనుమతి ఉంటుంది గానీ ఆ బండల మీదకి దాన్ని నేను తీసుకెళ్ళను. రూల్ ఒప్పుకుంటే సరిపోదు, కాళ్ళు కూడా ఒప్పుకోవాలి కదా. అన్నట్టు ఆన్‌లైన్‌లో అమ్మే సర్వీస్ డాగ్ సర్టిఫికెట్లు శుద్ధ దండగ, అమెరికా చట్టం అసలు కాగితమే అడగదు, వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా, ఏం పని నేర్పారు, ఈ రెండే అడగొచ్చు.

ఇంక అసలు చిక్కు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక వేలాడేసి రొప్పుతూ చల్లబడుతుంది, రొప్పుతున్నంతసేపూ వాసన సరిగ్గా పట్టలేదు. అంటే ఎక్కుడులో నా షుగర్ జారిపోయే టైమూ దాని ముక్కు మొద్దుబారే టైమూ ఒకటే! అందుకని రోజుకెన్ని మైళ్ళనేది మ్యాప్‌లో చూసుకోను, దాని నాలుక చూసి తేల్చుకుంటాను. నాలుక వెడల్పై పక్కకి జారిందా, నీడ చూసుకుని ప్యాక్ దించేయడమే, నీళ్ళు ముందు దానికి. ఎండాకాలం అయితే తెల్లారకముందే బయల్దేరి మధ్యాహ్నానికి ఆపేస్తాం, వెనకొచ్చినవాళ్ళందరూ దాటిపోతారు, పోనీండి.

1990లో బిల్ ఇర్విన్ అని చూపులేనాయన ఓరియెంట్ అనే జర్మన్ షెపర్డ్ కుక్కతో ఈ అపలేచియన్ ట్రైల్ మొత్తం నడిచాడు, మార్చిలో మొదలెట్టి నవంబర్‌కి ముగించాడు, దారిలో కొన్ని వేలసార్లు పడ్డాడట. అందరూ ఆయన ధైర్యం గురించే చెప్తారు, నా ధ్యాసంతా ఓరియెంట్ మీదకే పోతుంది, అన్ని నెలలు దాని పాదాలు ఎలా నిలబడ్డాయో అని.

మ్యాగీకి రాళ్ళదారిలో బూట్లు వేస్తాను, సాయంత్రం టెంట్ వేయగానే పంజాలు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని వేళ్ళ సందులు, చెవుల లోపల పిడుదుల కోసం వెతుకుతాను, ఇక్కడ లైమ్ జబ్బు వాటి వల్లే వస్తుంది. తర్వాత నా కాళ్ళు చూసుకుంటాను. సిగ్నల్ దొరికితే తెనాలికి ఫోన్. ఆ కుక్కని పట్టుకుని అడవులెంట తిరగడమేంటే అని మొదట్లో గొడవ చేసిన మా అమ్మ ఇప్పుడు మ్యాగీని మంగి అని పిలుస్తూ, ముందు మంగి తిందా అని అడుగుతుంది, ఆ తర్వాతే నా షుగర్ ఎంతుందని.